ఫితూరీ నాటి పసితనం

కొయ్యూరు పేరు వినగానే 1924 మే 7న అక్కడ అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన ఘట్టమే తెలుగు పాఠకులకు స్ఫురిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి ఆయన నాయకత్వంలో మన్యం వీరులు పట్టుకుపోయిన 26 తుపాకులకు, 2,500 పైచిలుకు తూటాలకు చరిత్రలో లెక్క ఉంది. ఆ రెండేళ్లూ కొండ గూడేల్లో పెరిగిన పిల్లల ఊసు మాత్రం ఆ కథనాల్లో అరుదు.

కొండవాలున చెట్లు నరికి, ఎండిన కొమ్మలను వేసవిలో కాల్చి, తొలకరికి ఆ బూడిద నేలలో విత్తనాలు చల్లే సేద్యాన్ని పోడు అంటారు. ఆ పంటను పిట్టల నుంచి కాయడం, పశువులను మేపడం, ఇప్పపూలు ఏరడం, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఎత్తుకోవడం కొండ కుటుంబాల్లో పిల్లల వంతుకు వచ్చే పనులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకూ అటవీ ఫలసాయానికీ అడ్డుపడగా, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనికి పెద్దలను చాలీచాలని కూలికి తోలుకుపోతూ ఉండగా, ఫితూరీకి, అంటే తిరుగుబాటుకు, ముందే ఇంటి బరువు ఈ చిన్న చేతుల మీదికి జారక తప్పదు.

పోరు మొదలైన ఆగస్టు, చేలో పంట ఇంకా చేతికి రాక, గాదెలు అడుగంటి, దుంపలతో, మామిడి టెంకల అంబలితో రోజులు నెట్టుకొచ్చే కాలం. మలబారు పోలీసులు, వారి వెనుక 1924లో అస్సాం రైఫిల్స్ మన్యంలో దిగగా, తిరుగుబాటుకు తోడ్పడ్డాయని అనుమానించిన ముఠాలపై, అంటే ఒక్కొక్క ముఠాదారు కింద ఉండే గ్రామాల సముదాయాలపై, ప్రభుత్వం శిక్షా పన్ను వేసింది. తండ్రి అడవిలోనో జైలులోనో ఉన్న ఇంట ఆ పన్ను మొదట తగ్గించేది పిల్లల గిన్నెలోని అంబలినే.

మరో పోరులోని పిల్లల కథ ఇలా మరుగున పడలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులో లండన్ పిల్లలను బాంబుల భయంతో రైళ్లెక్కించి పల్లెలకు పంపారు. వారి ఉత్తరాలూ జ్ఞాపకాలూ యుద్ధ చరిత్రలో భాగమయ్యాయి. మన్యం పిల్లలు ఆడుకునే అడవే రణరంగం కావడంతో వారికి అలా తలదాచుకునే చోటు లేకపోయింది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేడు కొయ్యూరు ఒక మండలం. ఫితూరీ చూసిన తరం పోయినా, వారి నోట కథలు విన్న మనుమలు ఇంకా ఉన్నారు. విశ్వవిద్యాలయాలూ స్థానిక ఉపాధ్యాయులూ వారి అనుమతితో, వారి పలుకుబడిలోనే ఆ కుటుంబ జ్ఞాపకాలను నమోదు చేయాలి. విగ్రహాలకు చూపే శ్రద్ధలో కొంతైనా ఈ పనికి దక్కాలి.