స్టీరింగు వణుకుతోందా? ఎప్పుడు వణుకుతోందో చూడండి

వంటా వార్పూ రాసుకునే పేజీలో ఈ వారం టైర్ల గోల ఏమిటి, ఈవిడకి మతి పోయిందా అని నవ్వుకుంటున్నారు కదూ! నవ్వండి, ఫరవాలేదు. కానీ ఒక్క మాట చెప్పండి. కార్తీకమాసం వస్తే శ్రీశైలం, వేసవి సెలవులొస్తే తిరుపతి, అరుణాచలం అంటూ వ్యాన్ మాట్లాడుకుని బయల్దేరేటప్పుడు పులిహోర మూటలు కట్టేది ఎవరు? మనమే. ఆ వ్యాన్‌లో కూర్చునేది మన పిల్లలూ, మన అత్తగార్లూ, మనమూ. అలాంటప్పుడు దాని నాలుగు కాళ్ళూ ఎలా ఉన్నాయో చూడడం మగవాళ్ళ పని అని వదిలేస్తే ఎలాగండీ?

కారవాన్ అంటే సినిమా తారలు షూటింగుల్లో కూర్చునేదని మనకి తెలుసు. కేరళ ప్రభుత్వం 2021లో టూరిస్టుల కోసం కూడా కారవాన్ల పథకం పెట్టింది. మా ఇంట్లో అంత హంగేమీ లేదు. మా బావగారికి పన్నెండు సీట్ల వ్యాన్ ఉంది. వెనక వరస సీటు తీయించి అక్కడ పరుపులు, నీళ్ళ క్యాన్లు, పొయ్యి, చిన్న సిలిండరు పెట్టుకునేలా చేయించారు. (ఆర్.టి.ఓ. ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్.సి.లో రాయించాకే సుమా! అది లేకుండా సీట్లు తీయించకూడదు.) దారిలో ఏ చెట్టు కిందో ఆపి, పొయ్యి కిందకి దించి వండుకుంటాం. వ్యాన్ లోపల మాత్రం పొయ్యి వెలిగించం.

ఇంతకీ ఆ వ్యాన్ మీద మనం ఎంత బరువు వేస్తామో ఎప్పుడైనా లెక్క కట్టారా? ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు అయిదంటే 100 కిలోలు. బియ్యం, పప్పులు, గిన్నెలు, పరుపులు, బట్టల పెట్టెలు కలిపి మరో 150 అనుకోండి. తొమ్మిది మంది మనుషులు, తలకి 60 కిలోలు వేసుకున్నా 540. అన్నీ కలిపితే 790 కిలోలు. మన వైపు లెక్కలో చెప్పాలంటే పది బస్తాల ధాన్యం పైమాటే. ఆ బరువంతా మోసే ఒక్కో టైరు రోడ్డుకి ఆనేది మన అరచేతికి కాస్త అటూ ఇటూ అంత జాగాలోనే!

2023 కార్తీకంలో శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నాం. నాలుగు రోజుల ముందు నుంచీ వ్యాన్‌కి వణుకు మొదలైంది. మా మరిది నడుపుతుంటే చేతుల్లో స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు ఊగుతోంది. ఒక షాపుకి తీసుకెళ్ళాడు. ‘స్టీరింగు ఊగుతోంది’ అనగానే షాపతను ‘ఎలైన్‌మెంటు పోయిందండీ’ అని మిషను మీద పెట్టి, డబ్బులు తీసుకుని పంపించాడు. డబ్బులు అక్కడే ఉండిపోయాయి, వణుకు మాత్రం వ్యాన్‌తో పాటు ఇంటికొచ్చింది.

నాకు అనిపించిందేమిటంటే, పిల్లాడికి జ్వరమని తీసుకెళితే డాక్టరు ఏమడుగుతాడు? పగలు వస్తోందా, రాత్రి వస్తోందా, చలితో వస్తోందా అని కదా! వ్యాన్‌కీ అంతే. ‘ఊగుతోంది’ అంటే చాలదు, ఎప్పుడు ఊగుతోందో చెప్పాలి. మర్నాడు పొద్దున్నే నేనూ ఎక్కి, మా మరిది పక్క సీటులో కూర్చున్నాను. పాల లెక్క రాసే పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా బందరు రోడ్డు మీద వెళ్ళొచ్చాం. 40లో స్టీరింగుకి వణుకు లేదు. 60 దాటాక మొదలైంది, 75 దగ్గర బాగా ఎక్కువైంది. బ్రేకు నొక్కినా తేడా లేదు. ఇంకొకటి కూడా రాశాను. ఊళ్ళో 20లో మెల్లగా పోతున్నప్పుడు స్టీరింగు ఊరికే ఉంది కానీ, నా సీటు కింద ‘దడ్... దడ్...’ అని చక్రం తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ.

ఆ కాగితం పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళారు మావారూ, మా మరిదీనూ. అక్కడి మేస్త్రీ కాగితం చదివి, ‘ఇవి రెండు జబ్బులమ్మా అని చెప్పండి’ అన్నాట్ట. నిజంగానే రెండూ వేరు వేరు.

మొదటిది ముందు చక్రానిది. వాషింగ్ మెషీన్లో తడిసిన దుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరితే ఏమవుతుంది? నీళ్ళు పిండే టైములో మెషీను మొత్తం గంతులేస్తుంది. నెమ్మదిగా తిరిగినప్పుడు ఏమీ తెలియదు, జోరందుకున్నాకే గంతులు. చక్రమూ అంతే. ఒక పక్క బరువు కాస్త ఎక్కువైతే 60, 70 దాటాక స్టీరింగు వణుకుతుంది. అందుకే రిమ్ము అంచుకి చిన్న చిన్న బరువు బిళ్ళలు అంటిస్తారు. దాన్నే వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. మా వ్యాన్‌కి అంతకు ముందు పంక్చరు వేయించినప్పుడు బిళ్ళ ఒకటి ఊడిపోయి ఉంది. అది చాలదన్నట్టు రిమ్ము లోపలి వైపు చేలగట్టు దారి బురద ఎండి, పిడకలా అతుక్కుని ఉంది! మన నల్లరేగడి సంగతి మీకు చెప్పాలా? అందుకని పొలాల దారిలో తిరిగొచ్చాక వణుకు మొదలైతే షాపుకి పరుగెత్తే ముందు చక్రాల లోపలి వైపు కూడా నీళ్ళు కొట్టి కడిగించండి. ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండా పోతుంది.

రెండోది వెనక చక్రానిది. సాధారణంగా ముందు చక్రాల్లో లోపముంటే స్టీరింగుకి తెలుస్తుంది, వెనక చక్రాల్లో ఉంటే సీటుకీ నేలకీ తెలుస్తుంది. మేస్త్రీ వ్యాన్‌ని పైకెత్తి వెనక కుడి టైరు తిప్పి చూస్తే, లోపలి పక్క గోడ మీద నిమ్మకాయంత బుడిపె. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఏ గుంటలోనో గట్టిగా పడ్డప్పుడు టైరు లోపలుండే దారాలు తెగిపోతాయి. అక్కడ గాలిని ఆపేది ఉత్త రబ్బరే. ఆ బుడిపె రోడ్డుకి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఆ దెబ్బ. దానికి ప్యాచీ లేదు, మందూ లేదు. టైరు తీసెయ్యవలసిందే. తొమ్మిది మందితో దోర్నాల దాటి ఆ ఘాటు మలుపుల్లో ఉండగా అది పేలి ఉంటే... మా అత్తగారికి ఈ సంగతి మేం ఇప్పటికీ చెప్పలేదు. ఈ పేజీ ఆవిడ కూడా చదువుతారు, ఇవాళ తెలుస్తుంది లెండి.

నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా దెబ్బ తగులుతుంటే మాత్రం ‘ఈ ప్రయాణం అయ్యాక చూద్దాం’ అనకండి. వణుకుల్లో అన్నిటికంటే భయపడవలసింది అదే.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే స్టీరింగు కొట్టుకుంటుంటే అది టైరు గొడవ కాదు. ముందు చక్రాల బ్రేకు డిస్కులు సమంగా లేవన్నమాట. ఘాటు దిగేటప్పుడు కిందిదాకా బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే అవి కాలిపోతాయి. చిన్న గేరులో దిగాలి. కొందరు డ్రైవర్లు కొండ దిగీ దిగగానే వేడి వేడి చక్రాల మీద బకెట్లతో నీళ్ళు కొడతారు. పొయ్యి మీంచి దించిన పెనం మీద నీళ్ళు పోస్తే వంకర పోదూ? కాస్త చల్లారనివ్వమనండి.

వ్యాన్ ఒక పక్కకి లాగుతుంటే ముందు గాలి చూడాలి. రెండు పక్కలా గాలి సమంగా ఉండీ లాగుతుంటే అప్పుడు ఎలైన్‌మెంటు. గుంట తగిలాక స్టీరింగు చాలాసేపు ఊగి ఊగి ఆగుతుంటే కింద జాయింట్లో, బేరింగులో అరిగి వదులయ్యాయేమో. అవి మేస్త్రీ చూడవలసినవి. జాకీ మీద ఎత్తిన వండి కింద మాత్రం మనమూ, పిల్లలూ చెయ్యి కూడా పెట్టకూడదు.

టైరు అరుగుదల చూస్తే కూడా జబ్బు తెలుస్తుంది. చెప్పులు చూసి మనిషి నడక చెప్పేస్తామే, అలాగన్నమాట. నడి మధ్యన అరిగితే గాలి ఎక్కువ పెట్టి తిప్పారు. రెండు అంచులూ అరిగితే తక్కువ పెట్టి తిప్పారు. ఒక్క అంచే అరిగితే ఎలైన్‌మెంటు. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు పోయి ఉండొచ్చు. టైరు గాడుల్లో అడుగున అడ్డంగా చిన్న చిన్న గట్లుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమం అయిందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. ఆ పైన నడపడం చట్టానికీ విరుద్ధమే, వానలో జారడం కూడా ఖాయం.

ఇంకా ఒక మాట. గీతలు కొత్తగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. మన వ్యాన్లు ఏడాదిలో పది నెలలు షెడ్డులో నిలబడే ఉంటాయి, టైర్లు అరగవు. కానీ రబ్బరు ముసలిదవుతుంది. పచ్చడి సీసా మీద తేదీ చూసినట్టే టైరు పక్క గోడ మీదా చూడండి. ‘డి.ఓ.టి.’ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3221 అని ఉంటే 2021లో 32వ వారంలో తయారైందని అర్థం. అయిదారేళ్ళు దాటాక ఏటా మంచి మేస్త్రీకి చూపించాలి. పదేళ్ళు దాటినది ఎంత నిగనిగలాడుతున్నా తీసెయ్యడమే మంచిది. చాలా రోజులు ఒకే చోట నిలబడిన వండి బయల్దేరిన కొత్తలో కాసేపు దడదడలాడుతుంది. టైరు కింది భాగం అణిగిపోవడం వల్ల అది. కొన్ని కిలోమీటర్లు పోయేసరికి సర్దుకుంటే బెంగ లేదు. సర్దుకోకపోతే చూపించుకోండి.

గాలి సంగతి. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. నిండా బరువు వేసినప్పటి లెక్క, ముఖ్యంగా వెనక టైర్లకి, చాలా వ్యాన్లలో వేరుగా ఉంటుంది. పొద్దున్నే, వండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. రోహిణి కార్తె ఎండలో వంద కిలోమీటర్లు పోయాక కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది. అయ్యో ఎక్కువైందే అని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు పక్కలు మాటిమాటికీ నలిగి, వేడెక్కి పేలతాయి. నైట్రోజన్ పెట్టించమంటారు కొందరు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజనే ఉంది. నన్నడిగితే ఆ డబ్బుతో సొంతంగా గాలి కొలిచే గేజి ఒకటి కొనుక్కోండి.

చక్రం విప్పి బిగించాక 50, 100 కిలోమీటర్లు పోయి ఒకసారి నట్లు మళ్ళీ బిగించమనాలి. వరసగా కాకుండా ఒకదాని తర్వాత దాని ఎదుటిది బిగించాలి, పచ్చడి జాడీ మూతికి గుడ్డ కట్టేటప్పుడు ఎదురెదురు మూలలు లాగి కడతామే, అలా.

ఒకవేళ దారిలో టైరు పేలిందే అనుకోండి, డ్రైవరు బ్రేకు మీద నిలబడకూడదు. స్టీరింగు గట్టిగా, తిన్నగా పట్టుకుని, కాలు తీసేసి, జోరు దానంతటది తగ్గాక ఎడమ పక్కకి ఆపాలి. ఆ కాసేపూ మనం కెవ్వున అరవకుండా, అతని చెయ్యి పట్టుకు లాగకుండా ఉంటే అదే పెద్ద సాయం. అందరూ సీటు బెల్టులు పెట్టుకోవాలని వేరే చెప్పాలా!

మా ఇంట్లో ఇప్పుడు బయల్దేరే ముందు రోజు స్టెప్నీలో గాలి కూడా చూస్తున్నాం. దాని తేదీ చూస్తే 2012! ఒక్కసారి కూడా వాడకుండానే ముసలిదైపోయింది. అది మార్పించాం. పాత టైర్లు ఇంటికి తెచ్చి పెరట్లో పడేస్తే మాత్రం వాననీళ్ళు నిలిచి డెంగీ దోమలకి పురిటిల్లు అవుతుంది. కొత్తవి కొన్న షాపులోనే ఇచ్చేయండి, లేదా మొక్కలకి కావాలనుకుంటే అడుగున నాలుగు చిల్లులు పెట్టి నిండా మట్టి నింపండి.