ఏ గడ్డికి ఆ కాటుక

కంటికి పెడితే అందం, కంకికి పడితే నష్టం. జొన్న కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లటి పొడి చూసి మన రైతులు పెట్టిన పేరు ‘కాటుక తెగులు’. వేలికి అంటుకునే ఆ నలుపంతా శిలీంద్రపు సిద్ధబీజాలే.

ప్రపంచంలో ఈ కాటుక శిలీంద్రాలు 1,500 రకాలకు పైనే. ఎక్కువ భాగం గడ్డిజాతినే ఆశ్రయిస్తాయి. వరి, జొన్న, సజ్జ, చెరకు... అన్నీ గడ్డిజాతివే కదా! అయితే ఏ తాళానికి ఆ చెవే పట్టినట్టు, చాలావరకు ఏ గడ్డి కాటుక ఆ గడ్డిదే. చెరకు మొవ్వులోంచి నల్లటి కొరడాలా పొడుచుకొచ్చేది చెరకుది. వినాయక చవితికి కోసుకునే గరికకు పట్టేది గరికది. కాలవ గట్టున గరిక నల్లబడిందని పక్కనున్న వరికి మందు కొట్టక్కర్లేదు.

ఒక్క జొన్నకే నాలుగు కాటుకలు. రెండు విత్తనంతో వస్తాయి, గంధకం పట్టించి విత్తితే అదుపులో ఉంటాయి. ఒకటి నేలలో కాచుకు కూర్చుంటుంది. ఇంకొకటి గాలిలో వచ్చి పూత మీద వాలుతుంది. నేలలో ఉండేదానికి మొక్కజొన్న మీద ఓ చుట్టం ఉంది. చూపుకు రెండూ ఒకటే. కానీ జొన్న రకం మొక్కజొన్నలోకి చొరబడినా, కంకిని నల్లపొడిగా మార్చలేదు.

మరి నెల్లూరు తీరంలో? పెన్నా కాలవల కింద ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు వరే ప్రాణం. వరిలో కాటుక అని కూడా పిలిచే మానిపండు అసలు కాటుకే కాదు. 1878లో తిరునల్వేలి వరి కంకులను చూసిన ఇంగ్లాండు శాస్త్రవేత్త కుక్ కూడా దాన్ని కాటుకల్లోనే చేర్చాడు. వేరే వంశమని తర్వాత తేలింది. గింజ స్థానంలో పసుపుగా ఉబ్బి, ఆకుపచ్చగా, చివరికి నల్లగా మారే ఉండ అది. పంట ఏపుగా ఉన్న ఏడాదే కనిపిస్తుందని లక్ష్మీ కటాక్షంగా మురిసిపోయిన రోజులూ ఉన్నాయి. ఆ ఏపు వెనక ఎక్కువైన యూరియా, పూత వేళ పట్టిన ముసురు ఉంటాయి.

అసలు చిక్కు ఇక్కడే. ఉండ కంటపడేసరికి ఆ గింజ పోయినట్టే. అప్పుడు మందు కొట్టడం దండగ. శిలీంద్రం లోపలికి దూరేది పొట్ట దశలో. అప్పుడు మబ్బు పట్టి చినుకులు వదలకపోతే ప్రోపికొనజోల్ లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున పిచికారీ చేయాలి. యూరియా మోతాదు దాటకూడదు. ఉండలు పడిన చేలో గింజ విత్తనానికి పనికిరాదు.

పేరు ఒకటైనంత మాత్రాన తెగులు ఒకటి కాదు. మందుల కొట్టుకు వెళ్లేముందు అది ఏ గడ్డిది, ఎటునుంచి వచ్చింది, ఏ దశలో దూరింది అని చూసుకోండి. అనవసరపు ఖర్చు అక్కడే తప్పుతుంది.