ఖ్మేర్ శిల్పంలో కలిసిపోయిన మతాలెక్కడ?

ప్రాచీన కంబోడియాను ఏలిన ఖ్మేర్ల ఆలయాల్లో హిందూ, బౌద్ధ మతాలు పాలూనీళ్లలా కలిసిపోయాయన్న మాట బాగా పాతుకుపోయింది. ఒకే ప్రాకారంలో బుద్ధుడూ విష్ణువూ శివుడూ కనిపించడమే దానికి చూపే ఆధారం. అయితే పక్కపక్కన ఉండటం వేరు, ఒకటైపోవడం వేరు. ఆ శిల్పాలు మొదటిదానికే సాక్ష్యమిస్తాయి.

ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ తన రాజధాని అంగ్కోర్‌లో 1191లో ప్రతిష్ఠ చేసిన ప్రే ఖాన్ ఆలయం మధ్యలో అతని తండ్రి రూపంగా బోధిసత్త్వుడైన లోకేశ్వరుడు వెలిశాడు. విష్ణువు గుళ్లు పడమటి దిక్కున, శివుడివి ఉత్తరాన. ఎవరి గుడి వారిది, ఎవరి లక్షణాలు వారివి. నడిమి చోటు మాత్రం రాజు కొలిచే బోధిసత్త్వుడిది. థాయిలాండ్‌లోని ఫిమాయ్‌లోనూ ఇంతే. గర్భగుడి బయటి ద్వారాల పైన రామాయణ ఘట్టాలు, నటరాజు ఉంటే, లోపలి ద్వారాల పైన మారుణ్ణి జయించిన బుద్ధుడు ఉన్నాడు. ఇది కలయిక కాదు, హోదాల వరుస.

ఆ వరుస తారుమారైనప్పుడు ఏం జరిగిందో ప్రే ఖాన్ గోడలే చెబుతాయి. అక్కడి నాట్యమండపంలో అప్సరసల బారు చెక్కుచెదరలేదు. వారి పైనున్న గూళ్లలో బుద్ధులను మాత్రం ఉలితో చెక్కి తీసేశారు. ఈ పని 13వ శతాబ్దంలో, శైవుడైన ఎనిమిదో జయవర్మ హయాంలో జరిగిందని చాలామంది పండితుల అభిప్రాయం. చేయించినది ఎవరైనా, ఉలి పట్టినవాడికి ఏ బొమ్మ ఎవరిదో స్పష్టంగా తెలుసు. రెండు మతాలు నిజంగా ఒకటైపోయి ఉంటే దేన్ని చెరపాలో, దేన్ని వదలాలో తేలేదే కాదు. 1296లో అంగ్కోర్ వచ్చిన చైనా రాయబార బృంద సభ్యుడు జౌ డాగువాన్ కూడా పండితులను, భిక్షువులను, శైవులను మూడు వర్గాలుగా విడివిడిగానే వర్ణించాడు.

సమ్మేళన వాదంలో నిజం లేకపోలేదు. శిల్పుల పనితనం ఒక్కటే. నాగుపాము, పద్మం, ధ్యానంలో కూర్చునే తీరు రెండు మతాలకూ ఉమ్మడి సొత్తు. అందుకే కొన్నిచోట్ల బుద్ధుడికి గడ్డం చెక్కి మునిగా మార్చడం సాధ్యమైంది. కానీ మార్చవలసి వచ్చిందంటేనే తేడా ఉన్నట్టు. ఉమ్మడిగా ఉన్నది శిల్పభాష, మతం కాదు. ఈ రెంటినీ ఒకటిగా చూసి సామరస్యమని మెచ్చుకుంటే, నడిమి పీఠం ఎవరిదో నిర్ణయించిన రాజాధికారం కనిపించకుండా పోతుంది.