కారుకు కవర్, చేతులకు చన్నీళ్లా?

మన నాందేడ్‌లో డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దుగాల చలికి పండ్లు టకటక కొట్టుకుంటాయి. గోదావరి వైపు నుంచి గాలి వస్తే ఇంక చెప్పనక్కర లేదు. అంత చలిలో, తెల్లారకముందే చన్నీళ్ల బకెట్‌లో చేతులు పెట్టి ఇంకొకరి కారు కడిగేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. కారు కడిగించుకోవడం తప్పని నేను అనను. ఇట్ల కడిగించుకోవడం మాత్రం తప్పే.

మా బాపు ఒక అపార్ట్‌మెంట్‌లో రోజూ ఆరు కార్లు కడుగుతాడు. ఇంటికొచ్చేసరికి వేళ్లు వంగవు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. చలికాలమంతా కణుపుల దగ్గర చర్మం పగిలే ఉంటది. రాత్రి అమ్మ కొబ్బరినూనె రాస్తది, పొద్దున సబ్బునీళ్లు తగలగానే మళ్లీ మంట.

"వాళ్లకు అలవాటే" అంటారు కొందరు. అలవాటైతే చర్మం ఎందుకు పగులుతది? నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. తడి చేతికి గాలి తగిలితే, ఆ తడి ఆరడానికి కూడా చేతిలోని వేడే పోతది. ఇది ఎవరి చేతికైనా ఒకటే.

"వేడినీళ్లంటే కరెంటు బిల్లు" అంటారు ఇంకొందరు. లెక్క చేసి చూద్దాం. 10 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు తేవాలంటే 10 × 4.2 × 20, అంటే 840 కిలోజౌళ్లు కావాలి. ఒక యూనిట్ కరెంటు 3,600 కిలోజౌళ్లు. అంటే పావు యూనిట్ కూడా కాదు! కారు కొన్నవాళ్లకు ఇది బరువా?

"వేడినీళ్లతో రంగు పోతుంది" అని ఒక సారు మా బాపుతో అన్నాడు. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతది. అప్పుడు రోజంతా ఎండలో నిలబడ్డ కారుకు పోని రంగు గోరువెచ్చని నీళ్లకు పోతదా? మరిగే నీళ్లు ఎవరూ అడగడం లేదు.

అసలు రోజూ ఎందుకు కడగాలి? చలికాలంలో బురద ఉండదు, దుమ్మే ఉంటది. తడిబట్టతో మెల్లగా తుడిస్తే పోతది. మనది మరాఠ్వాడా. 2016లో పక్క జిల్లా లాతూర్‌కు మిరజ్ నుంచి రైలులో నీళ్లు తెచ్చారు. ఆ సంగతి తెలిసి కూడా రోజూ పైపు పెట్టి కారు కడిగించడం ఏం న్యాయం?

"జీతం ఇస్తున్నాం కదా" అని కూడా అంటారు. జీతం పనికి ఇస్తున్నారు, చేతులు పాడు చేసినందుకు కాదు. రాత్రి మంచు పడొద్దని కారుకు కవర్ కప్పుతారు. ఆ కారు కడిగే మనిషికి ఒక జత రబ్బరు గ్లౌజులు ఇవ్వరు.

మన బడిలో కారు ఉన్న ఇండ్ల పిల్లలున్నారు, కార్లు కడిగేవాళ్ల పిల్లలమూ ఉన్నాం. ఒకే బెంచీ మీద కూర్చుంటాం. కారు ఉన్న మిత్రులారా, ఈ రోజే ఇంట్లో మీ అమ్మానాన్నలతో మూడు మాటలు చెప్పండి: బకెట్ గోరువెచ్చని నీళ్లు ఇవ్వాలి, గ్లౌజులు ఇవ్వాలి, ఎండ వచ్చాకే పని మొదలు పెట్టించాలి. తొందరగా బయటికి పోవాల్సిన కారైతే ముందురోజు సాయంత్రమే కడిగించుకోవచ్చు. ఈ చలికాలం ఇంకా అయిపోలేదు.