పర్వత్ పాటియాకు చేరని చేయూత

చిన్న వ్యాపారికి ప్రభుత్వం ఏమి చేసిందని అడిగితే ఢిల్లీ వద్ద జవాబు సిద్ధంగా ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకం కింద తాకట్టు లేకుండా రూ.10 లక్షల దాకా రుణం. పాత అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024 బడ్జెట్ ఆ పరిమితిని రూ.20 లక్షలకు పెంచింది. వీధి వ్యాపారులకు 2020లో స్వనిధి, చేతివృత్తులవారికి 2023లో విశ్వకర్మ. జాబితా పొడవుగానే ఉన్నది. అది ఎవరి గుమ్మం దాకా వెళుతున్నదన్నదే ప్రశ్న.

సూరత్ తూర్పు భాగాన ఉన్న పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాలలో ఈ ప్రశ్నకు తెలుగు ముఖాలున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. కొందరు కూలికి నేస్తారు. కొందరు నాలుగు మగ్గాలు అద్దెకు తీసుకుని, వ్యాపారి ఇచ్చిన నూలును మీటరు లెక్కన నేసి ఇస్తారు. నూలు వారిది కాదు, బట్ట వారిది కాదు; నష్టంలో వాటా మాత్రం వారిదే.

మొదటి చిక్కు నిర్వచనంలోనే ఉన్నది. 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.10 కోట్ల టర్నోవరు దాకా ఉన్న సంస్థ కూడా ‘సూక్ష్మ’ సంస్థే. నాలుగు అద్దె మగ్గాల మనిషి, పది కోట్ల వ్యాపారి ఒకే వరుసలో నిలబడితే బ్యాంకు మేనేజరు ముందుగా ఎవరిని పిలుస్తాడో చెప్పనక్కర లేదు. విశ్వకర్మ జాబితాలోని 18 వృత్తులలో దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాడు ఉన్నాడు. మగ్గం నేసేవాడు లేడు.

రెండవది బకాయిల చిక్కు. చిన్న సంస్థకు 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టమే చెప్పింది. పట్టించుకున్నవారు తక్కువ. గడువు దాటిన బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి వీల్లేదని 2023లో ఆదాయపు పన్ను చట్టానికి 43బీ(హెచ్) నిబంధన చేర్చగానే సూరత్ జౌళి మార్కెట్‌లో అలజడి రేగింది. నెలల తరబడి అరువు మీద నడిచే వ్యాపారానికి ఇది సాధ్యం కాదన్నారు. ఆ అరువు భారం చివరికి మోసేది నేతగాడే. అయితే ఉద్యమ్ నమోదు లేనివారికి ఈ నిబంధన అక్కరకు రాదు. నమోదు ఉన్నా, రేపటి పని ఇచ్చే వ్యాపారిపై నేడు ఫిర్యాదు చేసే ధైర్యం ఎందరికి ఉంటుంది?

మూడవది సరిహద్దు. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు పని కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన నేతన్న నేస్తం సొంత చేనేత మగ్గమున్న కుటుంబానికి ఏటా రూ.24,000 ఇచ్చింది. సూరత్‌లోని తెలుగు నేతగాడికి ఇవేవీ వర్తించవు. సొంత రాష్ట్రానికి అతడు వెళ్లిపోయినవాడు. ఉన్న రాష్ట్రానికి బయటినుంచి వచ్చినవాడు.

నమోదు లేనివారికి ప్రజాధనం ఎలా ఇస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. కాని నమోదుకు ఆధారమేదన్నది ప్రభుత్వం నిర్ణయించే విషయం. రేషన్ కార్డు నేడు రాష్ట్రం దాటినా చెల్లుతున్నది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికుల వివరాలు ఉన్నాయి. ఆ వివరాలతో పాటు మీటర్ల లెక్క రాసిన చిట్టాను కూడా రుణార్హతకు ఆధారంగా తీసుకోవచ్చు. బకాయి ఫిర్యాదును నేతగాడి పేరు బయటపడకుండా సంఘం ద్వారా స్వీకరించవచ్చు. సూక్ష్మ సంస్థలలోనే అట్టడుగువారికి ప్రత్యేక వాటా కేటాయించవచ్చు.

వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసేది కాదు. కొరతపడింది డబ్బు కాదు, అడిగే గొంతు. హైదరాబాద్‌లో నేతన్నల పేరు చెప్పి ఓట్లడిగే పార్టీలు, గుజరాత్ నమూనా గురించి దేశమంతటా చెప్పే పార్టీ, రెండూ జవాబు చెప్పవలసిన చోటు పర్వత్ పాటియా.