ఎనిమిదంగుళాల బిళ్ల

పాత వస్తువు మీద మమకారం పెంచుకుంటే యెంత అవస్థో ఇంగ్లండులో వున్న మా బావమరిదిని అడగండి, చెబుతాడు. అతని దగ్గర ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు వొకటుంది. పేరు యెమ్.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్ అనే వూళ్లో తయారైన రకం.

నేను చుట్టపుచూపుగా వెళ్లిన వేసవిలో అది మొరాయించింది. మిట్ట యెక్కుతుంటే ఇంజను రొద పెరుగుతుందే గాని బండి వేగం పెరగదు. పైగా కాలుతున్న వాసన.

"క్లచ్చి అరిగిపోయింది బావా! మనమే మార్చేద్దాం" అన్నాడు. అతని భార్య నా వంక జాలిగా చూసింది.

క్లచ్చి అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను తిప్పే బరువైన చక్రానికీ గేర్‌బాక్సుకీ నడుమ వొక బిళ్ల వుంటుంది. స్ప్రింగు బలంతో ప్రెషర్ ప్లేటు దాన్ని చక్రానికి అదిమి పట్టుకుంటుంది. పెడలు తొక్కితే పట్టు వదులుతుంది. కాలు తీస్తే మళ్లీ బిగుస్తుంది. బిళ్ల అరిగితే పట్టు జారుతుంది. అంతే.

ఆ బిళ్ల అడ్డకొలత 8 అంగుళాలు. కాని దాన్ని చేరే దారి చాలా దూరం. ఆ కాలందే ట్రయంఫ్ స్పిట్‌ఫైరయితే సీట్లు తీసి, గేర్‌బాక్సును బండి లోపలినుంచే లాగవచ్చు. యీ బండిలో ఆ సదుపాయం లేదు. ఇంజనే పైకి రావాలి.

బ్యాటరీ తీగ విప్పాం. నీళ్లు వంపి రేడియేటరు తీశాం. బానెట్టు యెత్తి గోడకు ఆనించాం. విప్పిన ప్రతి తీగకూ కాగితం చీటీ కట్టాం. అద్దెకు తెచ్చిన చిన్న క్రేనుతో ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే పైకి తీశాం. అది వేలాడుతున్నంతసేపూ దాని కింద చెయ్యి పెట్టలేదు. వొక్క జాకీనే నమ్ముకుని బండి కిందికి దూరనూ లేదు. పాత బిళ్లల పూతలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు. బ్రిటన్‌లో దాన్ని 1999లో పూర్తిగా నిషేధించారు. అందుకని లోపలి దుమ్మును నోటితో వూదకుండా తడిగుడ్డతో తుడిచాం.

బిళ్ల, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కొత్తవే వేశాం. అంత దూరం వెళ్లి వొకటి మార్చి రెండు వదిలేయడం తెలివితక్కువ. ఆదివారం పొద్దుగుంకేసరికి అంతా బిగించి ఇంజను నడిపాం. బాగానే పలికింది. కాని పెడలు తొక్కి గేరు వెయ్యబోతే కరకరమంటుందే గాని పడదు!

తొందరలో బిళ్లను తిరగేసి బిగించాం. చక్రం వైపు వుండవలసిన ముఖమేదో బిళ్ల మీదే అచ్చుగుద్ది వుంది. మేమే చదవలేదు. మధ్యభాగం వెళ్లి చక్రానికి తగులుతోంది, పట్టు వదలదు. రెండు రోజుల చాకిరీ గంగపాలైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర యెవరూ మాట్లాడలేదు.

మరుసటి శనివారం ఇంజను మళ్లీ పైకొచ్చింది. యీసారి అతని పన్నెండేళ్ల కూతురు పుస్తకం పట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. "మామయ్యా, అక్షరాలు కనిపించాయా? బిళ్ల నడిమధ్యకు వచ్చిందా? బోల్టులు యెదురెదురుగా కొంచెం కొంచెమే బిగించండి. గేర్‌బాక్సు బరువు బిళ్ల మీద వేలాడనివ్వకండి!" ఔనని మేమంటేగాని పేజీ తిప్పలేదు.

సాయంత్రానికి గేరు వెన్నలా పడింది.

ఆ బండిలో క్లచ్చిని వదిలించే బేరింగు గ్రాఫైటు ఉంగరం. పెడలు తొక్కి పట్టినంతసేపూ అది అరుగుతూనే వుంటుంది. అందుకే యిప్పుడు మావాడు యెర్రదీపం కనబడగానే న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేస్తున్నాడు.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆ మాట క్లచ్చి బోల్టుల దగ్గర మాత్రం పనికిరాదు.