సర్దార్ లేని కంప్యూటర్

టెక్నాలజీ ముందు ఉరుకుతుంది, చట్టం వెనకబడుతుంది, కాబట్టి కొత్తది కుదురుకునే దాకా లా చదివినవాళ్లు అడ్డు రావద్దు. ఐటీ సభల్లో పుట్టిన ఈ వాదన ఇప్పుడు మందమర్రి మార్కెట్ దాకా వచ్చింది. పిల్ల లా చదువుతానంటే, కృత్రిమ మేధ వచ్చాక లాయర్లతో ఏం పని అంటున్నారు. ఎక్కడైనా ఇది తప్పే. బొగ్గుబాయి ఊళ్లో మరీ తప్పు.

మందమర్రి కేకే బొగ్గు గనుల్లో కార్మికుల భద్రత చూసిన ఏ సర్దార్‌నైనా అడగండి. గాలిలో మండే వాయువు 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేయాలి, మనుషుల్ని వెనక్కి రప్పించాలి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే రోజులు పోయి, ఆ పనికి ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చినా ఈ నియమం నిలిచింది. పైకప్పు అనుమానంగా ఉంటే కార్మికుల్ని బయటికి పంపే బాధ్యత ఎవరిదో రాసి ఉంది. రాసినవాళ్లకు రేపటి యంత్రం తెలియదు. ఆపాల్సింది ఎవరో, ఆపకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో తెలుసు. నియమం ఉంటే చాలదన్నదీ నిజమే: 2003లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. కానీ బాధ్యుడెవరని నిలదీయడానికి కుటుంబాల చేతిలో చట్టమంటూ ఉంది.

అలా నిలదీసే దారి లేనిచోట ఏమవుతుందో తెలంగాణ ప్రభుత్వ సమగ్ర వేదిక చూపించింది. ప్రభుత్వ రికార్డులన్నీ కలిపి ఎవరు అర్హులో, ఎవరు కాదో చెప్పే కంప్యూటర్ వ్యవస్థ అది. రిక్షా తొక్కే మనిషికి కారుందని అది చెబితే ఆ ఇంటి రేషన్ కార్డు పోయింది. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పరిశీలన ముగిసిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15,471 అర్హులవేనని తేలింది. అన్ని వేల ఇళ్లలో బియ్యం ఆగింది. ఆపిందెవరు? సంతకం లేదు, పేరు లేదు. సమాచార హక్కు కింద ప్రోగ్రామ్ కోడ్ అడిగితే కంపెనీ హక్కులు అడ్డొచ్చాయి.

లా ప్రొఫెసర్‌కు కోడ్ తెలియదు కదా అంటారు. తెలియనక్కర్లేదు. మన ఓరుగల్లు మనిషి మాడభూషి శ్రీధర్ విలేకరిగా పనిచేసి, నల్సార్ లా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పి, 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నారు. ఆ కుర్చీ చేసే పని ఒకటే: నిర్ణయం వెనకున్న కాగితం చూపించమని అధికారిని అడగడం. యంత్రం చేసిన నిర్ణయానికి కావాల్సిందీ అదే అడగడం. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మినహాయింపుకున్న షరతుల్ని తీసేసింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా అకారణంగా వ్యక్తి గోప్యతలోకి చొరబడే సమాచారానికే వర్తించిన మినహాయింపు, వ్యక్తిగత సమాచారమంతటికీ పాకింది. రేషన్ జాబితా అడిగేవాడి నోరు ఇలాంటి సవరణతోనే మూతపడుతుంది. దాన్ని పట్టుకొని వివరించేది ఇంజినీరు కాదు, చట్టం చెప్పే పంతులే.

కార్మిక సంఘాలకు నా విన్నపం. రేపు మస్టర్ హాజరుకు, డ్యూటీల పంపకానికి, కాంట్రాక్టు కార్మికుల ఏరివేతకు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే సంతకం పెట్టకముందే డిమాండ్ల పత్రంలో ఈ మాట రాయించండి: అది తప్పు చేస్తే ఆపే అధికారి పేరు, అప్పీలు వినే అధికారి పేరు గని నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆ వాక్యం గట్టిగా రాయడానికి ఒక లా టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.